తాత్కాలిక పదవి – శాశ్వత ధర్మం

(ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగం)



డెబ్బై ఐదు సంవత్సరాలుగా చెక్కుచెదరక నిలిచిన సంస్థ ముంగిట నిలబడి, నిలకడ లేని ఉద్యోగాలను గురించి మాట్లాడబోతున్నాను. సందర్భానికి ఇది తగునా అని కొందరికి తోచవచ్చు. అయితే మా పూర్వ విద్యార్థులు సలహా కోసం వచ్చినప్పుడు ఈ మధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "టీచరుగారూ, బాలల హక్కుల పనిలో రెండేళ్ళ కాంట్రాక్టు ఉద్యోగం వచ్చింది. చేరమంటారా?" వెంట వచ్చిన తండ్రిగారు అడిగేది మాత్రం ఒక్కటే: "అది పర్మనెంటు అవుతుందా, మేడమ్?"

ఆ తండ్రి ప్రశ్నలో తప్పేమీ లేదు. పొట్ట చేత పట్టుకొని పరాయి సీమకు వచ్చి స్థిరపడిన కుటుంబాలు మనవి. నెల తిరిగేసరికి అందే జీతం, ముదిమిలో ఆదుకొనే పెన్షను ఎంత విలువైనవో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. 2001లో కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు, శాశ్వతమని నమ్ముకొన్న కొలువులు ఎట్లా కరిగిపోయాయో ఈ జిల్లాలో ఎన్నో ఇళ్ళు కళ్ళారా చూశాయి. కనుక ఆ తండ్రి భయాన్ని గౌరవిస్తూనే, ఆ ప్రశ్న పక్కన మరొక ప్రశ్న ఉంచాలని నా కోరిక. పదవి ఎంతకాలముంటుందన్న దానితో పాటు, పదవి ముగిసిన తర్వాత అక్కడ ఏమి మిగులుతుందని కూడా మనం అడగాలి.

చరిత్రను ఒక్కసారి తిరగవేయండి. మన హక్కులకు మూలమైన భారత రాజ్యాంగాన్ని రచించిన రాజ్యాంగ సభ ఒక తాత్కాలిక సంస్థ. 1946 డిసెంబరు 9న మొదటిసారి సమావేశమై, 1949 నవంబరు 26న రాజ్యాంగాన్ని ఆమోదించింది. అంటే మూడేళ్ళు కూడా నిండలేదు. ఆ సభ్యులలో ఎవరిదీ శాశ్వతమైన ఉద్యోగం కాదు. అయినా అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం, వెట్టిచాకిరీని నిషేధించిన 23వ అధికరణం, భాషాపరమైన అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను నెలకొల్పుకొనే హక్కునిచ్చిన 30వ అధికరణం వారు మనకు విడిచిపోయిన ఆస్తులు. కన్నడ దేశంలో తెలుగు బడి నడుపుకొంటున్న మనం ఆ ఆస్తికి ప్రత్యక్ష వారసులం.

ఆ సభలోని పదిహేనుమంది మహిళలలో ఇద్దరిని మన బాలికలు గుర్తుంచుకోవాలి. ఒకరు రాజమహేంద్రవరంలో 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, అక్కడ చట్టం తెలియక మగ్గిపోతున్న స్త్రీ ఖైదీలను చూసిన మీదట ఆమె న్యాయశాస్త్రం చదివారు. తర్వాతి కాలంలో ప్రణాళికా సంఘం, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు, 1958లో ఏర్పడిన స్త్రీ విద్యా జాతీయ సంఘం – ఇట్లా ఒక బాధ్యత ముగిసిన చోట మరొకటి స్వీకరించారు. రెండవవారు హంసా మెహతా. ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల కమిషనులో 1947–48లో మన దేశం తరఫున కూర్చున్నది ఆమెయే. 1948 డిసెంబరు 10న వెలువడిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో 'పురుషులందరూ' అన్న అర్థమిచ్చే మాటకు బదులు 'మానవులందరూ' అన్న మాట చేరడానికి ఆమె పట్టుదలే కారణం. ఆమె ఆ ఆసనంలో కూర్చున్నది కొద్దికాలమే. ఆమె మార్చిన మాట మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

ఇక నేటి వ్యవస్థను చూద్దాం. 1993లో వచ్చిన మానవ హక్కుల పరిరక్షణ చట్టం కింద ఆ సంవత్సరం అక్టోబరు 12న జాతీయ మానవ హక్కుల సంఘం ఏర్పడింది. దాని అధ్యక్షునికి, సభ్యులకు మొదట ఐదేళ్ళ పదవీకాలముండేది. 2019 సవరణ దానిని మూడేళ్ళకు తగ్గించింది. ఐక్యరాజ్య సమితిలో ప్రత్యేక ప్రతినిధులుగా పనిచేసే నిపుణులు జీతం తీసుకోరు. ఒక బాధ్యతలో ఆరేళ్ళకు మించి ఉండరు. అధికారం ముందు నిలబడి నిజం చెప్పవలసినవారు ఆ కుర్చీని సొంతం చేసుకోకూడదన్న ఆలోచన ఇటువంటి నియమాలలో కనిపిస్తుంది.

మన సంఘానికి సాక్షులను పిలిపించే, పత్రాలను తెప్పించే సివిల్ కోర్టు అధికారాలున్నాయి. జైళ్ళను సందర్శించవచ్చు. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా తనంతట తాను విచారణ చేపట్టవచ్చు. అయితే విచారణ ముగిసిన తర్వాత అది చేయగలిగేది సిఫారసు మాత్రమే. ఏడాది దాటిన సంఘటనలను విచారణకు స్వీకరించడానికి చట్టం అంగీకరించదు. ఈ పరిమితులు తెలియకుండా వెళ్ళిన యువకులు తొందరగా నిరాశపడతారు. తెలిసి వెళ్ళినవారు గడువు దాటకముందే ఫిర్యాదు రాయిస్తారు, తేదీలతో సహా ఆధారాలు జతచేస్తారు. అన్నట్టు, ఈ ఫిర్యాదుకు రుసుము లేదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా రాయవచ్చు. అనగా మన తెలుగులోనూ రాయవచ్చు.

పిల్లలతో పనిచేసే మాకు అన్నిటికంటె దగ్గరి ఉదాహరణ ఆచార్య శాంతా సిన్హా. నెల్లూరులో పుట్టి, హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆమె, మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా రంగారెడ్డి జిల్లాలో పనిలో మగ్గుతున్న పిల్లలను బడికి చేర్చారు. పొలాల నుంచి, పశువుల వెంట నుంచి వచ్చిన పిల్లలను కొన్ని నెలలు శిబిరాలలో ఉంచి, వారి వయసుకు తగిన తరగతికి సిద్ధం చేయడం ఆ పద్ధతి. అక్కడ పాఠం చెప్పినవారిలో ఊళ్ళలోని చదువుకొన్న యువతీయువకులున్నారు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం ఏర్పడినప్పుడు దాని తొలి అధ్యక్షురాలు ఆమెయే. మూడేళ్ళ చొప్పున రెండు పర్యాయాలు, 2013 వరకు ఆ పదవిలో ఉన్నారు. చట్టం ప్రకారం అంతకు మించి ఉండరాదు. ఆ కాలంలోనే, 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. దాని అమలును కనిపెట్టి చూసే బాధ్యత ఆ సంఘానికే దక్కింది. ఆచరణ సాధ్యమైనంతవరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలన్న మాట ఆ చట్టంలోనే ఉన్నది.

మరొక ఉదాహరణ ఈ మట్టి నుంచి వచ్చినది. కోలారు బంగారు గనుల కాలనీలో, మానవ మలాన్ని చేతులతో ఎత్తిపోసే పనిలో మగ్గిన కుటుంబంలో 1966లో పుట్టినవారు బెజవాడ విల్సన్. ఆ దురాచారాన్ని నిర్మూలించడానికి ఆయన సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపారు. ఆ ఉద్యమంలో ఆయనకు అండగా నిలిచినవారు ఎస్.ఆర్. శంకరన్. తంజావూరు ప్రాంతపు తమిళులైన శంకరన్ ఆంధ్రప్రదేశ్‌లో ఐ.ఏ.ఎస్. అధికారిగా వెట్టిచాకిరీ విమోచనకు పాటుపడి, 1992లో పదవీ విరమణ చేశారు. పెన్షను తీసుకొని విశ్రాంతిగా ఉండవలసిన వయసులో హక్కుల పనిని భుజాన వేసుకొని, 2010లో మరణించే వరకు దించలేదు. పర్మనెంటు ఉద్యోగం ముగిసిన చోట ఆయనలోని ప్రజాసేవకుడు ఆగిపోలేదు.

ఆ ఉద్యమ కార్యకర్తలు వీధి వీధి తిరిగి, ఎక్కడెక్కడ ఆ పని ఇంకా సాగుతున్నదో పేర్లతో, ఫొటోలతో నమోదు చేశారు. 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగు కాలువలలో దిగి మరణించినవారి కుటుంబాలకు పది లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని న్యాయస్థానం ఆదేశించింది. 2023లో మరొక తీర్పు దానిని ముప్ఫై లక్షలకు పెంచింది. పదకొండు సంవత్సరాల ఆ వ్యాజ్యం నడిచినంత కాలం, ఇవాళ ఒకరు రాసిపెట్టిన కాగితం రేపు మరొకరి చేతిలో సాక్ష్యమైంది.

ఇంతవరకు వెలుగునే చూపించాను. నీడను దాచిపెట్టి పంపితే అది మీకు ద్రోహమే అవుతుంది.

కాంట్రాక్టు మీద పనిచేసేవారికి పెన్షను ఉండదు, జీతం సకాలంలో అందకపోవచ్చు. గడువు పొడిగింపు ఎవరి చేతిలో ఉంటుందో వారికి నచ్చని నివేదిక రాయడానికి చేయి వణుకుతుంది. సంస్థలకు సైతం ఈ బాధ తప్పదు. సఫాయి కర్మచారుల జాతీయ సంఘం 1993 నాటి చట్టం కింద ఏర్పడింది. ఆ చట్టం గడువు 2004లో తీరిపోయిన తర్వాత, ప్రభుత్వం ఎప్పటికప్పుడు పొడిగిస్తేనే దాని ఉనికి. ఇతరుల హక్కుల కోసం పోరాడేవారికి తమ జీతం మీద హక్కు లేకపోవడం న్యాయం కాదు. తాత్కాలికమన్న మాట అన్యాయానికి ముసుగు కారాదు.

అందుచేత ఈ మార్గం ఎంచుకొనే పిల్లలకు మూడు మాటలు చెబుతున్నాను. మొదటిది: చేరేముందు గడువు, జీతం, సెలవులు, బీమా – అన్నీ కాగితం మీద రాయించుకోండి. అది స్వార్థమని ఎవరైనా అంటే నమ్మకండి. రెండవది: చేతిలో ఒక విద్యతో వెళ్ళండి. న్యాయశాస్త్రం, నర్సింగు, లెక్కలు, ఉపాధ్యాయ శిక్షణ – ఏదైనా సరే. గడువు ముగిసిన నాడు మిమ్మల్ని నిలబెట్టేది ఆ విద్యయే. మూడవది: వెళ్ళిపోయేనాడు మీ దస్త్రాలను తర్వాతివారికి అర్థమయ్యేటట్లు అప్పగించండి. మీ పేరు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. మీరు రాసిన సాక్ష్యం వల్ల ఒక కుటుంబానికి విముక్తి పత్రం దొరికితే చాలు.

మన పిల్లలకు మరొక బలమున్నది. దాని విలువ మనమే గుర్తించడం లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో తమిళం, బడిలో ఇంగ్లీషు, హిందీ. ఇది మన సరిహద్దు జిల్లా ఇచ్చిన వరం. ఇటుక బట్టీలలోనో, రాతి క్వారీలలోనో అప్పు కింద చిక్కుకొన్న వలస కూలీ, తన భాష తెలియని అధికారి ముందు నిలబడితే అతని వాంగ్మూలం సగమే నమోదవుతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం ఎంత బలమైనదైనా, బాధితుని మాట సరిగా రాయగలిగేవారు లేకపోతే నిరుపయోగం. ఆ మాటను ఒక భాష నుంచి మరొక భాషకు నమ్మకంగా చేరవేయగల యువకుడు అక్కడ ఆరు నెలలే ఉన్నా, ఆ ఆరు నెలలు ఎవరి జీవితాన్నో మలుపు తిప్పగలవు.

ఈ పని చేయడానికి ఢిల్లీ వెళ్ళనక్కరలేదు. వెళ్ళదలచినవారికి జాతీయ మానవ హక్కుల సంఘం వేసవిలోనూ, శీతాకాలంలోనూ కళాశాల విద్యార్థులకు శిక్షణావకాశం కల్పిస్తున్నది. ఉన్న ఊళ్ళోనే చేయదలచినవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. 2009లో రూపొందిన పథకం కింద అది న్యాయ సహాయ స్వచ్ఛంద కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నది. నల్లకోటు అక్కరలేదు. పనిచేసిన రోజులకు గౌరవ వేతనం ఇస్తారు. అది ఉద్యోగం కాదని ముందే చెబుతారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులను కూడా తీసుకొంటారు. నాకు మిగిలిన సర్వీసు కొద్ది సంవత్సరాలే కనుక ఈ చివరి వాక్యాన్ని నేను శ్రద్ధగా చదువుకొన్నాను. నా సహోపాధ్యాయులూ చదవాలని మనవి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. మీ అమ్మాయి గాని, అబ్బాయి గాని ఇటువంటి పనికి రెండేళ్ళు వెళతానంటే వెంటనే కాదనకండి. గడువు కాగితం అడిగి చదవండి, తర్వాతి చదువుకు దారి ఉన్నదో లేదో ఆలోచించండి. ఇంటి పరిస్థితి అనుకూలిస్తే ఆశీర్వదించి పంపండి. అనుకూలించకపోతే అది బిడ్డ లోపమనీ, మీ లోపమనీ బాధపడకండి. అటువంటి ఇళ్ళ పిల్లలకు తోడ్పడవలసిన బాధ్యత పూర్వ విద్యార్థులది. ప్రతి సంవత్సరం వెయ్యి మందికి అన్నదానం చేయగలిగిన మీ సంఘం, ఇటువంటి సేవకు వెళ్ళే ఒక్క విద్యార్థికి ఒక సంవత్సరపు ఇంటి ఖర్చు భరించలేదా? ఈ జూబిలీ నిధిలో అందుకొక భాగం కేటాయించండి అని ఈ వేదిక మీద నుంచి అడుగుతున్నాను. పేద ఇంటి బిడ్డకు వేరెవ్వరికన్నా ఆ అన్యాయాలు బాగా తెలుసు. ఆ పనికి వెళ్ళే స్తోమత మాత్రం ఆ బిడ్డకే లేదు. ఈ వైపరీత్యాన్ని సరిదిద్దడం మన చేతిలో ఉన్నది.

మా తరగతి గదులలో కూర్చున్న ఏ పిల్లవాడూ పదేళ్ళకు మించి ఇక్కడ ఉండలేదు. ఏ ఉపాధ్యాయుడూ పదవీ విరమణను దాటి ఉండలేదు. తాత్కాలికంగా వచ్చినవారందరూ తమ వంతు చేసి వెళ్ళినందువల్లనే ఈ బడికి డెబ్బై ఐదేళ్ళు నిండాయి. హక్కుల పని కూడా అంతే. మన పిల్లలలో కొందరైనా ఆ వరుసలో నిలబడాలని, వారిని నిలబెట్టే ఔదార్యం మనకు కలగాలని కోరుకొంటున్నాను.