జలుబు బిళ్లల సీసా

(కల్యాణసింగ్‌పూర్‌లో మన కుటుంబముల వారి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము, వైద్యులము కాము. అయినను ఒక మందును గూర్చి మాటాడ సాహసించుచున్నాము.

మనస్సు క్రుంగినవారిని మనము సోమరులందుము. లేదా దిష్టి తగిలినదందుము. మా ఇంట ఒకరు గల్లాపెట్టె వద్ద కూర్చుండలేక మంచము పట్టినప్పుడు మేమును రెండేండ్లు మందలించుచునే యుంటిమి. ఆ తప్పు మాది. తుదకు విశాఖపట్టణమునకు తీసికొనిపోగా, వ్యాధి యని తెలిసినది. సామాన్యముగా వాడు మందులు పనిచేయక, వైద్యుడు ట్రానిల్‌సైప్రోమిన్ అను మందు వ్రాసెను.

ఈ జాతి మందుల పుట్టుక చిత్రమైనది. 1952లో న్యూయార్కు సీవ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనియజిడ్ ఇయ్యగా, నీరసించినవారు హుషారెక్కిరి. మనోవ్యాధికి గూడ మందు కలదని లోకమునకు ఆశ కలిగినది. అది కాలేయమును చెరచుటచే 1961లో అమెరికాలో మానివేసిరి. ట్రానిల్‌సైప్రోమిన్ యాంఫెటమిన్‌ను పోలినది. క్రుంగుబాటు తీర్చును, చురుకు పుట్టించును, నిద్రయు చెరచును.

నేడది అరుదగుటకు కారణము వేరు. 1963 ప్రాంతమున ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ఔషధనిపుణు డొకడు, ఈ జాతి మందు వాడు తన భార్యకు చీజ్ తిన్నంతనే భరింపరాని తలనొప్పి వచ్చుచున్నదని బ్లాక్‌వెల్ అను వైద్యునికి వ్రాసెను. (చీజనగా మన జున్ను కాదు; నెలల తరబడి మాగిన పాలగడ్డ.) మాగిన పదార్థములలో టైరమిన్ అను ద్రవ్యముండును. దానిని విరిచివేయు శక్తిని ఈ మందు అణచును. అంతట రక్తపుపోటు ఒక్కుమ్మడిగా పెరిగి, మెదడులో నరము చిట్లుటయు కలదు. 1964లో అమెరికాలో దీని అమ్మకము నిలిపి, కట్టుబాట్లతో మరల అనుమతించిరి.

మనకు చీజ్ లేకున్నను, సంతలో నిలువ ఉప్పుచేప కలదు. అంతకంటె దగ్గరి ముప్పు జలుబు బిళ్ల. ముక్కుదిబ్బడ తీర్చు ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ ఈ మందుతో కలిసిన ప్రాణాంతకము. మా రోగికి పడిసెము పట్టినప్పుడు, మా అంగడి సీసాలోని బిళ్లయే మేము చేతిలో పెట్టితిమి. ఇంటి కోడలు వైద్యుని చీటి చదివి లాగికొనెను.

రోగి నేడు మరల లెక్కలు వ్రాయుచున్నారు. హుషారుగా నున్నారు గదా యని మందు మాన్పింపబోతిమి. క్రమముగా తగ్గింపవలయునే గాని హఠాత్తుగా మానరాదనియు, మానిన పిదపగూడ రెండు వారములు ఆహారనియమము తప్పదనియు వైద్యుడు హెచ్చరించెను.

ఆ సీసాను అంగడినుండి తీసివైచితిమి. మీలో కిరాణా వర్తకులు చాలమంది కలరు.