పదో ప్రశ్న దాటేయకండి

పట్టాలు అందుకుంటున్న మీకు, 18 నెలలు మిమ్మల్ని హాస్టల్‌కు పంపి పిల్లల్ని చూసుకున్న మీ ఇంటివాళ్లకు నమస్కారం. ఇంటివాళ్లకు ఇంకోసారి కూడా.

2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో ఈ మిడ్‌వైఫరీ కోర్సు మొదలుపెట్టినప్పుడు, నర్సులకు కాన్పులు కొత్తగా నేర్పేదేముందని అడిగినవాళ్లున్నారు. మరుసటి ఏడాది కేంద్రమే మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. కాన్పులు చేయడం మీకు వచ్చు, దాని గురించి చెప్పి మీ టైం తినను. నేను చెప్పేది తల్లుల మనసు గురించి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన మనలాంటి దేశాల్లో గర్భిణుల్లో 15.6 శాతం, బాలింతల్లో 19.8 శాతం మంది మానసిక సమస్యతో, ముఖ్యంగా డిప్రెషన్‌తో బాధపడుతున్నారు. బరువు, బీపీ, హెమోగ్లోబిన్ రాసి కార్డు చేతికిచ్చి పంపేస్తే వీళ్లు మీకు దొరకరు.

ఓపీలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. అత్తగారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంటుంది. "నిద్ర పడుతోందా అమ్మా?" అని మీరడిగితే, "నిద్రకేం తక్కువ లేదు, పని చెప్తేనే బద్ధకం" అని ఆవిడే జవాబిస్తుంది. ఆవిడ మీద విసుక్కోకండి. కడుపు చూడాలని చెప్పి బయట కూర్చోమనండి, తెర లాగండి. బిడ్డ గుండె చప్పుడు వినిపించాక డాప్లర్ పక్కన పెట్టి అప్పుడు అడగండి: ఈ నెల రోజులుగా దేనిమీదా మనసు పోవట్లేదా? ఇంట్లో ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారా? అడిగాక కాసేపు ఊరుకోండి. ఆమె తడుముకుంటుంటే మీరు అందుకోకండి.

డిప్రెషన్‌ను గుర్తించడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేల్‌లో పది ప్రశ్నలున్నాయి. పదోది, తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అని. తొమ్మిదీ గడగడా అడిగి అక్కడ పెన్ను ఆపేసే సిస్టర్లున్నారు. లేని ఆలోచన మనమే పుట్టిస్తామేమోనని వాళ్ల భయం. అడిగినంత మాత్రాన పుట్టదు. అవునంటే మాత్రం ఆమెను ఒంటరిగా ఇంటికి పంపకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 చీటీ మీద రాసిచ్చి చేతులు దులుపుకోవద్దు, మీ ఫోన్లోనే కలిపివ్వండి.

ముందునుంచీ మానసిక జబ్బుకు మందులు వాడుతున్నవాళ్ల సంగతి వేరు. కడుపొచ్చిందనగానే ఇంట్లోవాళ్లు అన్నీ మాన్పించేస్తారు. వాల్‌ప్రోయేట్ లాంటివి గర్భంలో బిడ్డకు చేటే, కానీ ఏది మార్చాలో సైకియాట్రిస్టు చెప్పాలి. కాన్పయిన మొదటి రెండు వారాల్లో రాత్రంతా కన్ను మూయకుండా, బిడ్డను ఎవరో మార్చేశారంటూ మాట్లాడే తల్లికి గాలి సోకిందని తాయెత్తు కడతారు. అది వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండుసార్లు వచ్చే ప్రసూతి సైకోసిస్. తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, దాని మీద గొడవ దండగ. అంబులెన్సు మాత్రం ఆలస్యం కాకూడదు. చికిత్స పేరుతో బిడ్డను విడదీయబోతే అడగండి: మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా తల్లి నుంచి వేరు చేయకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు నడుస్తోంది.

మన దగ్గర ఇంకో చిక్కుంది. సీమంతం చేసి అమ్మాయిని పుట్టింటికి తీసుకెళ్తారు. మీ దగ్గర ఇప్పుడిప్పుడే నోరు విప్పిన పిల్లకు వేరే జిల్లాలో కాన్పవుతుంది. అక్కడి ఆశా అక్కకు ఆమె కష్టం తెలియదు. ఆమె ఒప్పుకుంటే అక్కడి సిస్టర్‌కు మీరే ఫోన్ చేయండి. పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన ఆడవాళ్లకైతే వెళ్దామన్నా పుట్టిల్లు దగ్గర్లో లేదు, భాషా రాదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు బట్టీ మేస్త్రీని దుబాసీగా పెట్టుకోవద్దు. ఆమె భయం అతనంటేనే కావచ్చు.

సూపరింటెండెంట్లకు ఒక మనవి. ఈ మిడ్‌వైఫ్‌లను జనరల్ వార్డు డ్యూటీలకు తిప్పకండి. లేబర్ రూము దగ్గర తలుపు వేసుకునే గది ఒకటి, రెండు కుర్చీలు ఇవ్వండి. కొత్త బిల్డింగు శాంక్షన్ కావక్కర్లేదు, విరిగిన మంచాలు పేర్చిన గది ఒకటి ఖాళీ చేయిస్తే సరిపోతుంది.