పాత సామానుతో పెరటి కోళ్లకు గుడ్ల పెట్టెలు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గురించి నాకంటె ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. డి.ఎ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పారు. ఇక నాకు మిగిలినవి కోళ్లు. పోయిన నెల కార్యదర్శిగారు చందా కోసం మా ఇంటికి వచ్చినప్పుడు, పెరట్లో పాత టీవీలోంచి ఒక పెట్ట కిందికి దూకి కొక్కొక్కోమని అరిచింది. ఆయన కాఫీ పక్కన పెట్టి, "ఇదేమిటండీ, ఇది మనవాళ్లకు చెప్పవలసిన విషయం" అన్నారు. కాదనలేక ఒప్పుకున్నాను. నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా 34 ఏళ్లు చేసి 2014లో రిటైరైనవాణ్ణి. కాలువలకు, తూములకు, లాకులకు గీతలు గీశాను గాని కోడిగూటికి ప్లాను గీస్తానని ఏనాడూ అనుకోలేదు.

అసలు ఈ పనిలోకి నన్ను దింపింది ఒక తగాదా. నిడదవోలు దగ్గర మా ఇంటి పెరట్లో మా ఆవిడ మూడు నాటు పెట్టల్ని, ఒక పుంజును పెంచేది. 2018లో నల్లపెట్ట రోజూ అరుస్తుంది, గుడ్డు మాత్రం కనబడదు. పక్కింటివారి పెరట్లో గడ్డిమేటు ఉంది. పెట్ట అటు పోయి రావడం మా ఆవిడ రెండుసార్లు చూసింది. ఒకరోజు పొద్దున్నే గోడ దగ్గర నిలబడి, "మేత మాది, గుడ్లు మాత్రం ఎవరివో" అంది. ఆ మాట ఎవరికి తగలాలో వాళ్లకు తగిలింది. పక్కింటి వదినగారు మారుమాట అనలేదు గాని, ఆ రోజు నుంచి గోడ మీదుగా కరివేపాకు రావడం ఆగిపోయింది. ఇరవై ఏళ్ల ఇరుగుపొరుగు. మా అమ్మాయి పెళ్లికి వంటశాల వాళ్ల పెరట్లోనే పెట్టుకున్నాం.

మూడు నెలల తరువాత మా పెరట్లోనే కొబ్బరిమట్టల పోగు తీస్తుంటే అడుగున 13 గుడ్లు బయటపడ్డాయి. ఒకటి చేతిలోనే పగిలింది. ఆ వాసన గురించి చెప్పను. మా ఆవిడ అక్కడే కూలబడి, "ఏమండీ, ఎంత మాట అన్నానండీ" అంది. వెళ్లి క్షమాపణ చెప్పింది. వారూ "పోనీలెండి వదినగారూ" అన్నారు. కాని అన్నమాట అన్నదే కదా. మళ్లీ అలాంటిది జరగకూడదంటే పెట్ట ఎక్కడ గుడ్డు పెట్టాలో మనమే చూపించాలి అనుకున్నాను. అదీ నా మొదటి పెట్టెకు కారణం.

అలవాటు చొప్పున ముందు ప్లాను గీశాను. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు, 14 అంగుళాల లోతు. ఆ కొలతలకు వంక లేదు, నాటుపెట్టకు ఈనాటికీ అవే చాలు. పాత పేకింగు చెక్కలు తెచ్చి, మేకులు సుత్తితో సాపు చేసి, నున్నగా చిత్రిక పట్టి, వసారాలో నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా పెట్టాను, గుడ్డు పెట్టేటప్పుడు చూడవచ్చునని. నల్లపెట్ట వచ్చి తల లోపల పెట్టి చూసింది, వెళ్లిపోయింది. పది రోజులు అదే తంతు. మా ఆవిడ నవ్వి, "దానికి ప్లాను చదవడం రాదు గాని, మీరు ఎదురుగా కూర్చుని పేపరు చదువుతుంటే అది లోపలికి ఎలా వెళుతుందండీ?" అంది. పెట్టె మూతిని గోడవైపు తిప్పి, గోడకూ దానికీ మధ్య జానెడున్నర సందు వదిలాను. మూడోనాటికి గుడ్డు ఉంది.

అంటే పెట్టకు కావలసింది నునుపు చెక్క కాదు, చీకటి, చాటు. గుడ్డు పెట్టే వేళకు దానికి ఎవరి కంటా పడకూడదు. ఇది తెలిశాక ఏ పాత సామాను చూసినా దీనికి మూతి ఎటు పెట్టవచ్చు అని ఆలోచించడం అలవాటైంది.

ఇక నేను చేసిన పెద్ద తప్పు చెప్పాలి. చెప్పకుండా పోవచ్చు గాని, మీలో ఎవరైనా రేపు ఇదే పని చేస్తారు కాబట్టి చెబుతున్నాను. 15 కిలోల నూనె డబ్బాలు మనందరి ఇళ్లలో తిరుగుతుంటాయి. తొమ్మిది అంగుళాల పైచిలుకు చదరం, సుమారు 14 అంగుళాల పొడవు. అడ్డంగా పడుకోబెట్టి ఒక మొహం కోస్తే చిన్న పెట్టకు సరిగ్గా సరిపోతుంది. 2019 వేసవిలో మా మరదలు ఇచ్చిన ఎర్రపెట్ట పొదుగుకు వస్తే, అలాంటి డబ్బాలో 11 గుడ్లు పెట్టి కూర్చోబెట్టాను. పిల్లులకు అందకూడదని పడమటి ప్రహరీ పక్కన దిమ్మ మీద పెట్టాను. పొద్దుట చూస్తే నీడగానే ఉంది. పదహారో రోజున, రోహిణీ కార్తెలో, మేమిద్దరం బంధువుల ఇంట శుభకార్యానికి వెళ్లాం. సాయంత్రం వచ్చి చూస్తే పెట్ట ముక్కు తెరిచి డబ్బాలోనే చచ్చిపడి ఉంది.

పొదుగుమీది పెట్ట గుడ్లను వదిలి లేవదు. కోడికి మనలాగ చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దాని ఉపాయం. గుడ్డు లోపలి పిల్లకు కావలసిన వేడి సుమారు 99.5 డిగ్రీల ఫారన్‌హీటు, దానికి నాలుగైదు డిగ్రీలు మించి కొన్ని గంటలున్నా బతకడం కష్టం. ఒక గుడ్డు విప్పి చూశాను. లోపల ఈకలతో సహా పిల్ల తయారై ఉంది. మా ఆవిడ ఏమీ అనలేదు. పెట్టనూ గుడ్లనూ కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టి వచ్చి స్నానం చేసింది. మరునాడు మధ్యాహ్నం రెండు గంటలకు ఆ ఖాళీ డబ్బాలో గోడ థర్మామీటరు పెట్టాను. 50 సెంటిగ్రేడు గీత దాటింది. అదే థర్మామీటరు వసారా చూరు కింద 42 చూపింది. పెట్టే ముందు చేయవలసిన కొలత పెట్ట చచ్చాక చేశాను.

కనుక రేకు డబ్బా వాడేవారు నీడలోనే వాడండి. రోజంతా ఎండ ఎటు తిరుగుతుందో చూసి మరీ పెట్టండి. పైన గోనెసంచి కప్పి వేసవిలో తడుపుతూ ఉండండి. వెనకవైపు రెండు మూడు బెజ్జాలు కొట్టండి. కోసిన అంచును లోపలికి మడిచి తట్టాలి, లేకపోతే కాళ్లు కోసుకుంటాయి. కిందివైపు నాలుగు అంగుళాల అంచు వదిలితే గడ్డీ గుడ్డూ జారిపోవు. గుడ్లు పెట్టి వెళ్లిపోయే పెట్టకు ఇది చాలు. 21 రోజులు పొదిగే పెట్టకు మాత్రం నేను మళ్లీ రేకు వాడలేదు, వాడను. రంగుల డబ్బాలు, పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా సరే, దేనికీ పనికిరావు.

పొదుగుకు అన్నిటికంటె మంచిది మన ఇళ్లలో పారేసేదే, మూతి పగిలిన పెద్ద కుండ. పగులు సాపు చేసి, మట్టిలో నాలుగు అంగుళాలు పాతి, సగం ఇసుక, పైన వరిగడ్డి వేస్తే చాలు. మట్టి చల్లదనం ఉంటుంది, పుట్టిన పిల్లలు ఎత్తునుంచి పడవు. మా అమ్మ పొదిగేసే గుడ్లకింద బొగ్గుముక్క, ఇనుపమేకు పెట్టేది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా. ఉరుము సంగతి నేను హామీ ఇవ్వలేను గాని మేకు ఖరీదు ఎంత, పెట్టుకోండి. పొదుగు కుండను మాత్రం మిగతా పెట్టెలకు దూరంగా ఉంచాలి. లేకపోతే వేరే పెట్టలు వచ్చి దాని గుడ్ల మీదే గుడ్లు పెట్టి లెక్క తప్పిస్తాయి. ఏడెనిమిది రోజులకు రాత్రిపూట టార్చి వెలుగులో చూస్తే పిల్ల కట్టిన గుడ్డులో ఎర్రటి నరాలు కనిపిస్తాయి. తేటగా ఉన్నవి తీసేయవచ్చు.

టీవీ సంగతి. పాత సామాన్ల దుకాణంలో లోపలి గాజుగొట్టం తీసేసిన 21 అంగుళాల పెట్టె ఒకటి దొరికింది. దయచేసి ఆ గాజుగొట్టం మీరు తీయబోకండి, అది పగిలితే ప్రమాదం, తీసేసిన ఖాళీ పెట్టే కొనండి. ముందు భాగానికి అట్టలాంటి పల్చని చెక్క కొట్టి, తొమ్మిది అంగుళాల ద్వారం వదిలాను. వెనక గాలికి సందులు వాటంతట అవే ఉన్నాయి. మేకులు, తీగతో కలిపి నాకు వంద రూపాయలు కాలేదు. మా మనవడు వచ్చినప్పుడల్లా, "తాతయ్యా, మన టీవీలో ఎప్పుడూ ఒకటే ప్రోగ్రాం" అంటాడు.

పళ్లమ్మేవారి దగ్గర విరిగిన ప్లాస్టిక్ క్రేట్లు అడిగితే ఇస్తారు. మూడువైపులా గోనెగుడ్డ కట్టాలి, దారాలు వేలాడకుండా అంచు కుట్టాలి. ప్లాస్టిక్ సంచుల పోగులు పెట్టల కాళ్లకు చుట్టుకుంటాయి. చేపల థర్మోకోల్ పెట్టెలు చల్లగా ఉంటాయి కదా అని ఒకటి తెచ్చాను. వారం తిరిగేసరికి సగం పెట్టె పొడిచి తినేశాయి. వాటికి అదేం రుచో. వెంటనే తీసి అవతల పెట్టాను.

ఒకటి గట్టిగా చెప్పాలి. కోళ్ల ఫారాల నుంచి పాత ట్రేలు, పంజరాలు చవగ్గా వస్తాయని తేకండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఫారాల కోళ్లను చంపి పూడ్చవలసి వచ్చింది, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మా పెట్టల్ని పెరట్లోకి కూడా వదల్లేదు. ఎక్కడిదో తెలియని చెక్క సామాను తెచ్చినా నాలుగు రోజులు ఎండలో పడేసి, సున్నం కొట్టి వాడుతున్నాను. చెక్క సందుల్లో పగలు దాక్కుని రాత్రి కోడి రక్తం తాగే నల్లులాంటి పురుగులుంటాయి, వాటికీ సున్నమే మందు. నెలకోసారి గడ్డి మొత్తం తీసి కాల్చేసి, కొత్త గడ్డిలో గుప్పెడు వేపాకు వేస్తాం.

పెట్టె నేలకు అడుగున్నర ఎత్తున, చూరు కింద, పందికొక్కులు ఎక్కని చోట ఉండాలి. కోళ్లు రాత్రి పడుకునే కర్ర పెట్టెకంటె ఎత్తుగా కట్టండి. ఎత్తైన చోటే పడుకోవడం వాటి స్వభావం, కర్ర కింద ఉంటే పెట్టెలోనే పడుకుని రెట్ట వేస్తాయి. పెట్టె కప్పు వాలుగా ఉంటే పైనా కూర్చోలేవు. నాలుగైదు పెట్టలకు ఒక పెట్టె చాలు. రెండు పెట్టినా అన్నీ ఒకదాని ముందే నిలబడతాయి, ఒకటో తారీకున మనం బ్యాంకు ముందు నిలబడినట్టు.

కొత్త పెట్టెలో ఒక దొంగగుడ్డు ఉంచాలి. మా అమ్మ నిజం గుడ్డే ఉంచి బొగ్గుతో గీత పెట్టేది. నేను ఖాళీ పెంకులో తడిపిన ప్లాస్టరు పోసి గట్టిపరిచాను. అది చూసి, ఇక్కడ ఎవరో పెట్టారు, ఫరవాలేదు అనుకుంటాయి కాబోలు. గుడ్లు చాలావరకు ఉదయం పూటే పెడతాయి గనుక పదకొండింటికోసారి, సాయంత్రం ఒకసారి తీస్తే పగిలేవి, పొడిచి తినేవి తగ్గుతాయి. తీసిన గుడ్డు కడగవద్దు, పెంకు మీద కంటికి కనబడని పొర ఉంటుంది, అది పోతే త్వరగా చెడుతుంది. మురికి ఉంటే పొడిగుడ్డతో తుడవండి.

ఏ జాతి పెంచాలని కొందరు అడిగారు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థవారు తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ మన పెరళ్లకు అనువైనవి. గ్రామప్రియ గుడ్లు ఎక్కువ పెడుతుంది గాని పొదుగుకు కూర్చోవడం అరుదు. వనరాజా బరువుగా ఉంటుంది, నూనె డబ్బాలో పట్టదు, దానికి 14 అంగుళాల వెడల్పు ఇవ్వండి. పిల్లల కోసమైతే నాటుపెట్ట ఒకటి ఉండాల్సిందే. ఏ జాతైనా కొక్కెర తెగులుకు టీకాలు వేయించడం మరవకండి, పశువుల ఆసుపత్రిలో అడిగితే ఎప్పుడెప్పుడో చెబుతారు.

ఇప్పుడు మాకు తొమ్మిది పెట్టలున్నాయి. పక్కింటి వదినగారు కూడా రెండు గ్రామప్రియలను తెచ్చుకున్నారు. వాళ్ల పెరట్లో నేను కట్టి ఇచ్చిన క్రేటు ఉంది, అయినా అందులో ఒకటి గోడ దూకి వచ్చి మా టీవీలోనే పెడుతుంది. దాని గుడ్డు గోధుమరంగు కాబట్టి పోల్చుకోవడం తేలిక. మా ఆవిడ ఏరోజుది ఆరోజు గోడ మీద పెట్టి కేకేస్తుంది. పెట్టెల కొలతలతో గీసిన కాగితం కార్యదర్శిగారి దగ్గర ఉంచాను, కావలసినవారు జిరాక్సు తీయించుకోవచ్చు. మధ్యాహ్నం ఎండ ఏ వైపు నుంచి వస్తుందో ఆ బొమ్మలో బాణం గుర్తు పెట్టాను, అది చూడకుండా పెట్టె బిగించకండి.