కరాటే ఉస్తాదులు, వారి తర్ఫీదు
(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా ఒక మనవి. నేను ఉర్దూ మీడియంలో చదివి, ఉర్దూ మీడియంలోనే పాఠాలు చెప్పుకుంటున్న వాణ్ణి. నా తెలుగులో తడబాటు ఉంటే పెద్ద మనసుతో సర్దుకోండి. రెండో సంగతి, నేను కరాటే చేసినవాణ్ణి కాను. ఈ వయసులో కాలు నడుం దాకా లేపితే దాన్ని దింపడానికి ఇంకో మనిషి కావాలి. అయినా కార్యదర్శి గారు ఈ విషయం మీద నన్నే మాట్లాడమన్నారు. ఎందుకంటే మన హాల్లో పిల్లలకు కరాటే క్లాసు పెడదామని ప్రతిపాదన వచ్చినప్పుడు గట్టిగా వద్దన్నవాణ్ణి నేనే.

నేను వద్దన్న కారణం ఇది. నా దగ్గర ఏడో తరగతి చదివే కుర్రాడొకడు ఒక కరాటే క్లాసులో చేరాడు. ఆరు వారాలకు పసుపు బెల్టు, మరి కొన్ని నెలలకు ఇంకో రంగు. బెల్టు బెల్టుకీ వేరే ఫీజు. తర్వాత ఏదో ప్రదర్శనలో పెంకులు పగలగొట్టమన్నారు. పెంకులు పగిలాయి, వాడి వేలి ఎముకా విరిగింది. పాపం, ఏడాది పరీక్షలు ఎడమ చేత్తో రాశాడు. వాళ్ళమ్మ బడికొచ్చి, "ఉస్తాద్ గదా అని నమ్మి పంపించాం, సార్" అంది. ఆ మాట నన్ను పట్టుకుంది. ఉస్తాద్ అనే మాట మనవాళ్ళు ఊరికే వాడరు. పహిల్వాన్ల తాలింఖానాలో మట్టికి దండం పెట్టి దిగే రోజుల నుంచీ ఆ మాటకు ఒక బరువుంది. మరి ఈ కరాటేకి అసలు ఉస్తాదులు ఎవరు, వాళ్ళు ఎలా నేర్పారు అని పుస్తకాలు తిరగేశాను. చదివాక నా అభిప్రాయం సగం మారింది. ఆ సగం సంగతే ఇవాళ మీకు చెబుతాను.

కరాటే అనగానే మన కుర్రాళ్ళకు బ్రూస్ లీ గుర్తొస్తాడు. 1973లో 'ఎంటర్ ది డ్రాగన్' వచ్చాక ఊరూరా కుర్రాళ్ళు అరుపులు మొదలుపెట్టారు. కానీ ఆయన నేర్చింది చైనా వారి కుంగ్‌ఫూ. కరాటే పుట్టిల్లు ఒకినావా. జపానుకు దక్షిణాన సముద్రంలో ఉన్న దీవి. పూర్వం అది ర్యూక్యూ అనే చిన్న రాజ్యం. 1609లో జపానుకు చెందిన సత్సుమా ప్రభువులు దాన్ని లోబరుచుకున్నారు. 1879లో జపాన్ ప్రభుత్వం ఆ రాజ్యాన్నే రద్దు చేసి ఒక జిల్లాలాగా కలిపేసుకుంది. రాజు పోయాడు, రాజు కొలువులో ఉన్నవాళ్ళ ఉద్యోగాలు పోయాయి. మన హైదరాబాదు పెద్దలకు ఈ కథ కొత్తగా అనిపించదు.

అలా కొలువు పోయిన కుటుంబాల్లోనే ఈ విద్య దాగి ఉండేది. బోర్డు లేదు, క్లాసు లేదు, ఫీజు లేదు. రాత్రిపూట, ఇంటి పెరట్లో, ఒక గురువు, ఒకరో ఇద్దరో శిష్యులు. ఫునకోషి గిచిన్ అనే ఆయన అలా నేర్చుకున్నవాడే. 1868లో షురీ పట్నంలో పుట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన బక్క పిల్లవాడు. బళ్ళో తనతో చదివే ఒక కుర్రాడి తండ్రి అసాతో అంకో గొప్ప కరాటే విద్వాంసుడు. ఫునకోషి చీకటిపడ్డాక లాంతరు పట్టుకుని ఆయన ఇంటికి నడిచిపోయేవాడు, తెల్లవారుజామున తిరిగొచ్చేవాడు. చుట్టుపక్కలవాళ్ళు ఈ కుర్రాడు ఏదో చెడు తిరుగుళ్ళు తిరుగుతున్నాడని గుసగుసలు పోయారట!

అక్కడ ఏం నేర్పేవారు? కతా. కతా అంటే దెబ్బ, కాపు, అడుగు, మలుపు అన్నీ ఒక వరసలో కూర్చిన అభ్యాసం. మన గరిడీ సాములో వరసలున్నట్టే అనుకోండి. ఆ ఒక్క కతానే రాత్రికి రాత్రి, నెలల తరబడి చేయించేవాడు అసాతో. తాను వసారాలో నిటారుగా కూర్చుని చూసేవాడు. బాగాలేకపోతే మళ్ళీ చెయ్యమనేవాడు. బాగుంటే ఒక్క మాట, "బాగుంది" అని. అంతకు మించి మెప్పు లేదు. ఒకటి నిలబడేదాకా రెండోది చూపేవాడు కాదు. ఇంకో గురువు ఇతోసు అంకో దగ్గర మూడు కతాలకు పదేళ్ళు పట్టిందని ఫునకోషి రాసుకున్నాడు. ఆరు వారాల పసుపు బెల్టు పక్కన పెట్టి చూడండి దీన్ని.

ఈ ఇతోసు గారి దగ్గర నేను కాస్త ఆగుతాను. ఎందుకంటే ఈయన సమస్య నా సమస్య. 1831లో పుట్టి, రాజు కొలువులో రాతకోతల ఉద్యోగం చేసినవాడు. 1901లో ఆయన కరాటేను మొట్టమొదటిసారి బడిలోకి తెచ్చాడు. ముందు షురీలోని ప్రాథమిక పాఠశాల, 1905లో మాధ్యమిక పాఠశాల. 1908లో, డెబ్బై ఏడేళ్ళ వయసులో, విద్యాశాఖకు పది అంశాలతో ఒక లేఖ రాశాడు. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో కరాటే నేర్పితే ఆ పంతుళ్ళు ఊరూరి బడికీ తీసుకుపోతారు, పదేళ్ళలో దేశమంతా పాకుతుంది అని ఆ లేఖ సారాంశం. పంతుళ్ళ మీద అంత నమ్మకం పెట్టిన పెద్దమనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

సరే, పెరట్లో ఇద్దరికి నేర్పే విద్యను యాభై మంది పిల్లలకు నేర్పాలంటే ఏం చేయాలి? ఇతోసు పెద్ద కతాలను సులువు చేసి ఐదు చిన్న కతాలు కట్టాడు. వాటికి పినాన్ అని పేరు. ఆ మాటకు అర్థం శాంతి, మన అమన్. పిల్లలు వరసల్లో నిలబడితే గురువు ఒకటి రెండు అని లెక్క పెడతాడు, అందరూ ఒకేసారి చేస్తారు. మా బడిలో డ్రిల్లు పీరియడ్ లాగానే. ఇందువల్ల నూరు మందికి ఆరోగ్యం వచ్చింది, విద్య బతికింది. కానీ ఈ చెయ్యి ఎందుకు ఇలా తిప్పుతున్నాం, దీని లోపలి అర్థమేమిటి అనే సంగతి చాలా వరకు చెప్పకుండా మిగిలిపోయింది. అది పెరట్లోనే ఉండిపోయింది. లాభమా నష్టమా అని నన్నడిగితే, యాభై మంది క్లాసులో నలభై అయిదు నిమిషాలు నిలబడే నేను ఇతోసును తప్పు పట్టలేను. కానీ నా పిల్లలు ఎక్కాలు పాడినట్టు పాడి అర్థం అడిగితే నోరు తెరిచినప్పుడల్లా ఈయనే గుర్తొస్తున్నాడు.

ఒకినావాలో రెండో ఊరు నాహా. అక్కడి పద్ధతి వేరు. చైనాలోని ఫుజౌలో నేర్చుకొచ్చిన హిగావొన్నా కన్‌ర్యో అక్కడి గురువు. ఆయన శిష్యుడు మియాగి చోజున్, 1888లో పుట్టి 1953లో పోయాడు. పద్నాలుగో ఏట గురువు ఇంటికి చేరితే ముందు చేసింది ఇంటి చాకిరీ. తర్వాత సాన్‌చిన్ అనే ఒక్క కతా. చూడ్డానికి ఏమీ ఉండదు. మూడడుగులు ముందుకు, తిరగడం, గుద్దు. కానీ ఒళ్ళంతా బిగించి, ఊపిరిని పొట్ట అడుగుదాకా పట్టి, నెమ్మదిగా వదలాలి. చొక్కా విప్పి చేస్తుంటే గురువు వెనక నిలబడి భుజాల మీద, వీపు మీద, తొడల మీద అరచేత్తో చరిచి చూస్తాడు. కుండ కొనేటప్పుడు మన ఆడవాళ్ళు వేలితో కొట్టి చూస్తారే, అలాగ. ఎక్కడ పట్టు సడలిందో ఆ చెయ్యి చెబుతుంది. అది శిక్ష కాదు, పరీక్ష. ఈ తేడా తెలియని మాస్టర్లు కొందరు ఇప్పుడు కర్రతో బాది సాన్‌చిన్ అంటున్నారు.

పరికరాలు కూడా ఇంటి వస్తువులే. మూతి అంచు వేళ్ళతో పట్టుకుని నడిచే జాడీలు, వాటిలో రోజురోజుకూ ఇసుక పెంచుతూ పోతారు. కర్ర చివర రాయి బిగించిన చీఈషి, మన తాలింఖానా ముగ్దర్‌కు చుట్టం. ఇక మకివారా, అంటే నేలలో పాతిన పలక లాంటి కర్ర, పైన గడ్డితాడు చుట్టి ఉంటుంది. రోజుకు నూరు, రెండు వందల గుద్దులు దాని మీద వెయ్యమని ఇతోసు లేఖలోనే ఉంది. ఆ కర్ర దెబ్బకు కొంచెం వంగి తిరిగి వస్తుంది. అందుకే ఎముక విరగదు, మణికట్టు నిలబడుతుంది. పెంకు వంగదు. మా కుర్రాడి వేలు విరిగింది అందుకే.

ఇప్పుడు మళ్ళీ ఫునకోషి. ఆయన వృత్తి ఏమిటనుకున్నారు? బడిపంతులు! 1888లో సహాయక ఉపాధ్యాయుడిగా చేరి ముప్పై ఏళ్ళ పైన పిల్లలకు చదువు చెప్పాడు. జీతం చాలక భార్య నేతపని చేసి ఇల్లు నడిపింది. 1922లో, యాభై మూడేళ్ళ వయసులో, విద్యాశాఖ వారి ప్రదర్శనలో కరాటే చూపించడానికి టోక్యో వెళ్ళాడు. కొద్ది రోజుల్లో తిరిగి వద్దామనుకున్నవాడు అక్కడే ఉండిపోయాడు. ఒకినావా విద్యార్థుల హాస్టల్లో గుమ్మం పక్క చిన్న గది ఆయనది. పగలు గదులు ఊడ్చేవాడు, తోటపని, కాపలా చూసేవాడు. సాయంత్రం అక్కడి హాల్లో కరాటే నేర్పేవాడు. తిండికి డబ్బు చాలకపోతే వంటవాడికి కరాటే నేర్పి భోజనం ధర తగ్గించుకున్నాడు! ఒకసారి పత్రిక మనిషి వచ్చి, తోట ఊడుస్తున్న ఈయన్నే ఫునకోషి గారెక్కడ అని అడిగాడు. ఈయన కొంచెం ఆగమని లోపలికెళ్ళి, మంచి బట్టలు కట్టుకుని వచ్చి, నేనే ఫునకోషిని అన్నాడు. ఆ పత్రిక మనిషి మొహం ఎలా అయిపోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

జూడో స్థాపకుడు కానో జిగోరో ఆయనకు అండగా నిలిచాడు. తెల్ల బట్టలు, నల్ల బెల్టు కరాటేకి వచ్చింది ఆ జూడో నుంచే. ఫునకోషి మొదటిసారి బెల్టు స్థాయిలు ఇచ్చింది 1924లో. ఈ పసుపు, పచ్చ, నీలం రంగులు తర్వాత యూరప్‌లో జూడో నేర్పేవాళ్ళ దగ్గర మొదలై ఇటు వచ్చాయి. తెల్ల బెల్టు ఉతక్కుండా కట్టి కట్టి నల్లబడేదని పిల్లలకు చెబుతుంటారు, అది కట్టుకథ. మియాగి గారైతే తన శిష్యులెవరికీ నల్ల బెల్టు ఇవ్వలేదని ఆయన సంప్రదాయం వాళ్ళు చెబుతారు.

పేరు సంగతి కూడా చెప్పాలి. "కరా" అనే మాటను మొదట చైనా అనే అర్థం వచ్చే అక్షరంతో రాసేవారు. 1936 అక్టోబరులో నాహాలో మియాగితో సహా పెద్ద గురువులు కూర్చుని, ఖాళీ అనే అర్థం వచ్చే అక్షరం ఖాయం చేశారు. ఖాలీ హాథ్, వట్టి చెయ్యి. ఆ వట్టి చెయ్యి కూడా ముందుగా లేవకూడదన్నది ఫునకోషి పెట్టిన నియమం.

1945 వీళ్ళందరినీ ఊడ్చేసింది. ఒకినావా మీద జరిగిన యుద్ధంలో అక్కడి జనంలో దాదాపు నాలుగోవంతు చచ్చిపోయారు. మియాగికి వారసుడనుకున్న షింజాతో అందులో పోయాడు. క్యాన్ చోతోకు అనే పెద్ద గురువు తిండిలేక నీరసించి ఆ ఏడే కన్నుమూశాడు. టోక్యోలో ఫునకోషి డోజో, అంటే అభ్యాసశాల, బాంబులకు కాలిపోయింది. కొడుకు గిగో అదే సంవత్సరం, భార్య 1947లో పోయారు. ఆయన మాత్రం ఎనభై దాటాక కూడా నేర్పుతూనే ఉండి 1957లో పోయాడు. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే పెట్టినప్పుడు కతాలో బంగారు పతకం గెలిచింది కియునా ర్యో, ఒకినావా కుర్రాడే. ఆ దీవికి అదే మొదటి ఒలింపిక్ బంగారం. చనిపోయిన తల్లి ఫొటో చేత్తో పట్టుకుని పతకం తీసుకున్నాడు. 2024 పారిస్‌లో మళ్ళీ కరాటేను తీసేశారు, అది వేరే సంగతి.

పెద్దలు కొందరు అడిగిన ప్రశ్న ఉంది. డోజోలో వంగి నమస్కరించాలంట గదా, మనకు అది కుదురుతుందా అని. ఇది ఆలిం సాహెబులు చెప్పవలసిన మాట, నేను చెప్పను. నాకు తెలిసింది ఒక్కటే. ఈ విద్య బౌద్ధం నుంచి గాని, కన్ఫ్యూషియస్ మతం నుంచి గాని పుట్టింది కాదని ఇతోసు తన లేఖ మొదట్లోనే రాశాడు. నిలబడి, చెయ్యి గుండె మీద పెట్టుకుని సలాం చెబితే ఒప్పుకునే మాస్టర్లు ఉన్నారు. చేర్చుకునే ముందే అడిగి తేల్చుకోవాలి. ఆడపిల్లల మాట తల్లులు అడిగారు. ఫునకోషి భార్య కూడా కరాటే చేసేది. మన హైదరాబాదు అమ్మాయి సయ్యదా ఫలక్ అంతర్జాతీయ పోటీల దాకా వెళ్ళింది.

ఇక నా సగం అభిప్రాయం. క్లాసు పెట్టండి. కానీ పదిహేను మందికి మించి వద్దు. బెల్టుకు ఫీజు అనే మాస్టరు మనకు వద్దు. పెంకులు, ఇటుకలు, ట్యూబులైట్లు పగలగొట్టే ప్రదర్శన మన వార్షికోత్సవంలో ఎన్నడూ ఉండకూడదు, చప్పట్లు ఎంత బాగా పడినా సరే. మొదటి నెల మాస్టరు ఏం నేర్పుతున్నాడో తల్లిదండ్రులు వంతులవారీగా వచ్చి కూర్చుని చూడాలి. నా వంతు శుక్రవారం సాయంత్రం రాసుకోండి.

మకివారా కర్రకు నేను మన వడ్రంగి మేస్త్రీతో మాట్లాడాను, నిలువెత్తు కర్ర ఒకటి చెక్కి ఇస్తానన్నాడు. హాలు వెనక నేల మెత్తగా ఉంది, లోతుగా పాతాలి. పొలం ఉన్నవాళ్ళెవరైనా పది మూరల గడ్డితాడు పంపించగలరేమో, సభ అయ్యాక నాతో చెప్పండి. ఖుదా హాఫిజ్.