నాలుగు పాళ్లు గాలి, ఒక పాలు ప్లాస్టిక్: సన్‌ప్యాక్ షీటు ఎలా పుడుతుంది?

ఈ నీలం షీటు మీకు తెలిసిందే. టూలెట్ బోర్డులకీ, ఎలక్షన్లప్పుడు స్తంభాలకి కట్టే బోర్డులకీ వాడతారు. బజార్లో సన్‌ప్యాక్ అంటే ఇస్తారు. ఫ్యాక్టరీలో పీపీ, అంటే పాలీప్రొపిలీన్, హాలో షీటు అంటారు. బోర్డుల సంగతి వదిలేద్దాం. దీంతో పెట్టెలు చేస్తారు, సీసాల వరసల మధ్య పరుస్తారు. ఈ షీటు ఎలా తయారవుతుంది, మన వైజాగ్‌లో దీనికి పని ఎక్కడుంది, ఎక్కడ దండగ? ఇవాళ అదీ విషయం.

కోసిన అంచు కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో వరసగా సన్నటి గోడలు, వాటి మధ్య పొడుగాటి గొట్టాలు. ఈ ముక్క మందం 5 మిల్లీమీటర్లు, బరువు చదరపు మీటరుకి 900 గ్రాములు. దీన్ని కరిగించి గాలి లేకుండా సాపుగా పరిస్తే మందం ఒక్క మిల్లీమీటరే వస్తుంది. మిగతా నాలుగూ గాలి. అందుకే ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు మొత్తం కలిపి 2.7 కిలోలే తూగుతుంది. గాలికి డబ్బులిస్తున్నామా అని తిట్టుకోకండి, బిగువంతా ఆ గాలి వల్లే. రెండు పొరలూ ఎంత ఎడంగా ఉంటే షీటు అంత వంగనంటుంది. ఐ-బీమ్ బిగువూ ఇలాంటిదే, స్టీలు ప్లాంటు ఊరివాళ్లకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు గొట్టాలకి అడ్డంగా మడతపడేట్టు వంచుతున్నా, వంగట్లేదు. షీటు తిప్పి, గొట్టాల వెంబడి వంచాను, చటుక్కున మడతపడింది. కాబట్టి పెట్టె చేసేటప్పుడు గొట్టాలు నిలువుగా నిలబడాలి. అవి అడ్డంగా పడేట్టు కోశారంటే, పైన నాలుగు పెట్టెలు పేర్చగానే కింది పెట్టె కూర్చుండిపోతుంది.

తయారీకి వద్దాం. పాలీప్రొపిలీన్‌ని గట్టి ప్లాస్టిక్‌గా తయారుచేసిన పేరు ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టాది, 1954లో. ఇప్పుడు మనకి దగ్గర్లో, ఇదే తీరం మీద పైకి పోతే, పారాదీప్‌లో ఇండియన్ ఆయిల్ దీన్ని గింజలుగా చేస్తోంది. షీటు ఫ్యాక్టరీకి అవి 25 కిలోల బస్తాల్లో వస్తాయి. గింజలు హాపర్‌లో పోస్తే, లోపల స్క్రూ తిరుగుతూ ముందుకి తోస్తుంది, చుట్టూ హీటర్లు. 200 నుంచి 230 డిగ్రీల దగ్గర చిక్కటి ముద్దవుతుంది. చివర్లో డై. జంతికల గొట్టంలో బిళ్ల మార్చినట్టే, డై మారిస్తే షీటు మందం మారుతుంది. పై పొర, కింది పొర, మధ్య గోడలు, అన్నీ ఒక్కసారే, ఒకే ముద్దలోంచి బయటికొస్తాయి. అట్టపెట్టెలో మూడు కాగితాలు గంజితో అంటిస్తారు కదా, ఇక్కడ అంటించేదేమీ లేదు. విడిపోయేదీ లేదు.

కరిగించడం ఎవరైనా చేస్తారు. అసలు పరీక్ష డై దాటిన మొదటి ఒకటి రెండు అడుగుల్లోనే. అప్పుడు షీటు ఇంకా మెత్తగానే ఉంటుంది, వదిలేస్తే పై పొర కింది పొర మీద పడిపోతుంది. అందుకని డైలోంచే ప్రతి గొట్టంలోకీ గాలి పోతుంటుంది. షీటు పోయే దారిలో పైన ఒక పలక, కింద ఒక పలక, రెండింటికీ సన్నటి చీలికలు, లోపల చల్లటి నీళ్లు. వ్యాక్యూమ్ ఆ చీలికల్లోంచి రెండు పొరల్నీ లాగి పలకలకి అతికించి పెడుతుంది. షీటు అలాగే జారుతూ గట్టిపడుతుంది. ఒక పక్క వ్యాక్యూమ్ తగ్గిందా, గోడలు ఒరిగిపోతాయి. చూడ్డానికి షీటు బాగానే ఉంటుంది, బరువు పెడితే మాత్రం ఆగదు. కొనేటప్పుడు అంచు చూడండి అనేది అందుకే.

తర్వాత ఓవెన్‌లోంచి మళ్లీ పంపి లోపలి ఒత్తిడి తీస్తారు, లేకపోతే రేపటికి షీటు పళ్లెంలా వంకరపోతుంది. ప్రింటింగు ఉంటే కరోనా ట్రీట్‌మెంట్, అంటే కరెంటు చిటపటలు షీటు మీద పారించడం. ఆ రోగానికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు! అది చెయ్యకపోతే పాలీప్రొపిలీన్ మీద ఇంకు నిలవదు, గోరుతో గీరితే లేచిపోతుంది. కోసిన తునకలు మరలో ఆడించి మళ్లీ హాపర్‌లో పోస్తారు.

వైజాగ్‌లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ అనగానే ఒక భయం వస్తుంది, అది న్యాయమే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి బయటపడి 12 మంది చనిపోయారు. తేడా తెలుసుకోండి. అక్కడ ట్యాంకులో ఉన్నది ద్రవ స్టైరీన్. వేడెక్కితే దాని అణువులు తమంతట తామే గొలుసు కట్టుకుంటాయి, ఆ కట్టుకోవడంలో ఇంకా వేడి పుడుతుంది. షీటు యూనిట్‌కి వచ్చేది అప్పటికే గొలుసులైపోయిన గింజలు. వాటిని కరిగించడమే తప్ప అక్కడ రసాయనం తయారుచెయ్యరు. అలాగని ప్రమాదమే లేదనను. నిప్పంటుకుంటే ఈ సరుకు బాగా మండుతుంది, ముద్ద ఒంటిమీద పడితే తోలు ఊడొస్తుంది, మరీ వేడెక్కిస్తే పొగ. ఊరి మీదికి ఆవిరి కమ్మే రకం ప్రమాదం మాత్రం వేరు.

మరి మన ఊళ్లో దీనికి పనెక్కడ? స్టీలుకైతే లేదు. కడ్డీలకీ, వైర్ రాడ్ చుట్టలకీ ఇనప పట్టీ చాలు. రొయ్యలకా? పోర్టు నుంచి ఫ్రీజ్ చేసిన రొయ్య మైనస్ 18 డిగ్రీల కంటైనర్లలో అమెరికా పోతుంది. ఆ కార్టన్ వెనక్కి రాదు. ఒక్కసారి వాడి పారేసేదానికి అట్టే చవక, అట్టే నయం. పర్యావరణం పేరు చెప్పి అక్కడ కూడా ఇదే పెట్టమనే సేల్స్‌మెన్ మాట నేను నమ్మను.

పెట్టె తిరిగొచ్చే చోట లెక్క మారుతుంది. సముద్రపు గాలికి మెత్తబడిన అట్ట పట్టుకుని చూశారా? గాలిలో తేమ 90 శాతం దాకా పోతే అట్టపెట్టె బలం సగానికి పడిపోతుంది. ఈ షీటుకి తేమతో సంబంధమే లేదు, కడిగి ఆరబెట్టి మళ్లీ వాడొచ్చు. ఖాళీ సీసాల వరసల మధ్య పరిచే లేయర్ ప్యాడ్ చూడండి. దానికి నాలుగు అంచులూ వేడితో మూసేస్తారు, గొట్టాల్లోకి గాజు పొడి, బొద్దింకలు దూరకుండా. అంచు తెరిచున్నది పట్టుకొచ్చి లేయర్ ప్యాడ్ అంటే తీసుకోకండి. దీని శత్రువు ఎండ. యూవీ మందు కలపని షీటు మేడ మీద ఉంచితే పెళుసెక్కి పెచ్చులూడుతుంది.

చివరిగా ఒక పరీక్ష. ధర తగ్గించడానికి కొందరు సుద్దపొడి దండిగా కలుపుతారు. షీటు బరువుగా ఉంటుంది కాబట్టి జనం మంచిదనుకుంటారు. పై పొరలోంచి గోరంత చెక్కు కోసి, గాలిబుడగలు అంటకుండా వేళ్లతో రుద్ది మంచినీళ్లలో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్ నీళ్లకన్నా తేలిక, పైకి లేస్తుంది. మునిగిందంటే అందులో నూటికి సుమారు పదిహేను పాళ్లయినా సుద్ద ఉన్నట్టే. ఆ షాపు పేరు కామెంట్లో పెట్టకండి, షీటు తిరిగిచ్చేయండి చాలు.