పచ్చి కర్ర పగలకుండా కాపాడుకోవడం: అమ్మమ్మ వాళ్ల మామిడి చెట్టు కథ

ఇవాళ లేత్ ఆన్ చేయట్లేదు. చేతిలో ఉలి కూడా లేదు. ఇవాళ పని అంతా రంపం, మైనం గిన్నె, పాత బ్రష్, అంతే. కానీ నన్నడిగితే, కర్రతో గిన్నె చేయడంలో సగం పని ఇక్కడే అయిపోతుంది. ఇక్కడ తప్పు చేస్తే తర్వాత ఎంత మంచి ఉలి ఉన్నా లాభం లేదు.

విషయం ఏంటంటే, నూజివీడు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు. పెరట్లో చిన్నరసం చెట్టు ఉండేది. నా చిన్నప్పటి వేసవి సెలవులన్నీ దాని కిందే. మొన్న ఈదురుగాలికి వేళ్లతో సహా పడిపోయింది. మావయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, చెట్టు పోయింది, దుంగలు కోయించాను, నువ్వేదో కర్రతో గిన్నెలు చేస్తావుగా, వస్తావా, లేకపోతే వంటచెరుకుకి ఇచ్చేయమంటావా" అన్నాడు. వెనకాల అమ్మమ్మ గొంతు వినపడుతోంది: "నాకొక కుంకుమ భరిణె చేసిపెట్టమను వాణ్ణి."

సరే వస్తా మావయ్యా, ఫొటో పంపు అన్నా. ఫొటో చూస్తే గుండె జారిపోయింది. ఆరు దుంగలు, పెరట్లో ఎర్రటి ఎండలో, సిమెంటు గచ్చు మీద వరసగా పేర్చి ఉన్నాయి. అప్పటికి మూడు రోజులైంది. మే నెల ఎండ, వడగాలి. నేను వెంటనే మళ్లీ ఫోన్ చేసి చెప్పింది ఒక్కటే మాట: "మావయ్యా, ముందు వాటిని నీడలోకి దొర్లించు, చివర్ల మీద తడి గోనెసంచులు కప్పు, నేను రేపు పొద్దున్నకి వస్తా."

ఎందుకంత కంగారు అంటారా? చెబుతా. ఈ ముక్క అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించుకోవచ్చు.

పచ్చి కర్రలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి. కర్ర అంటే సన్నటి గొట్టాల కట్ట అనుకోండి, జ్యూస్ స్ట్రాలు గుప్పెడు పట్టుకున్నట్టు. ఆ గొట్టాల లోపల ఖాళీలో ఉండే నీళ్లు ఒకటి. గొట్టం గోడలోనే ఇంకిపోయి ఉండే నీళ్లు రెండోది. మొదట ఆరేది లోపలి ఖాళీ నీళ్లు. అవి పోయినంతసేపు కర్ర బరువు తగ్గుతుంది గానీ సైజు తగ్గదు. తేమ దాదాపు 30 శాతం దగ్గరికి వచ్చాక గోడల్లోని నీళ్లు పోవడం మొదలవుతుంది. అప్పుడు కర్ర కుంచించుకుపోతుంది. అసలు గొడవ అక్కడ మొదలు.

కుంచించుకోవడం కూడా అన్ని వైపులా ఒకేలా ఉండదు. దుంగ పొడవు దాదాపు తగ్గదు, లెక్కలోకి రాదు. మధ్య నుంచి బెరడు వైపు కొంచెం తగ్గుతుంది. చుట్టూ వలయాల వెంబడి దానికి దాదాపు రెట్టింపు తగ్గుతుంది. గుండ్రటి దుంగ చుట్టుకొలత ఎక్కువ తగ్గాలి, వ్యాసం తక్కువ తగ్గాలి. కుదరదు కదా! బిగుతు బొత్తాం చొక్కాలా ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. అందుకే ఎండిన దుంగ ఏది చూసినా బెరడు నుంచి మధ్య దాకా ఒక పెద్ద బీట ఉంటుంది.

ఇంకోటి, గొట్టాలు తెరుచుకుని ఉండేది దుంగ కోసిన చివర్లలో. పక్కల నుంచి కంటే చివర్ల నుంచి నీళ్లు పది పన్నెండు రెట్లు వేగంగా పోతాయి. చివర ఆరిపోయి ముడుచుకుంటుంది, రెండంగుళాల లోపల మాత్రం ఇంకా నీళ్లోడుతూ ఉంటుంది. బయటిది ముడుచుకోవాలి, లోపలిది కదలదు. ఎండాకాలం చెరువు అడుగున మట్టి నెర్రెలు విచ్చినట్టు చివరంతా విచ్చుకుంటుంది. మనం చివరకి మైనం పూసేది కర్ర ఆరకుండా ఆపడానికి కాదు. చివర తొందరపడకుండా, లోపలితో సమానంగా, మెల్లగా ఆరడానికి.

సరే, ఊరికి వెళ్లాం. (దుంగ చివర చూపిస్తూ) ఇదిగో చూడండి, మూడు రోజులకే. జుట్టు మందం బీటలు. కంటికి చిన్నవే, లోపల ఎంత దూరం పోయాయో తెలియదు. దానికి ఒక చిట్కా ఉంది. చివర నుంచి అర అంగుళం మందం బిళ్ల కోయండి. రెండు చేతులతో పట్టుకుని వంచండి. బీట ఉంటే ఆ గీత దగ్గరే అప్పడంలా విరిగిపోతుంది. విరక్కుండా గట్టిగా నిలబడే బిళ్ల వచ్చేదాకా కోస్తూ పోవాలి. మాకు ఒక్కో వైపు రెండు నుంచి మూడు అంగుళాలు పోయింది. మావయ్య ఒకటే బాధ, "ఇదంతా వేస్టేనా రా" అని. వేస్టే మావయ్యా. మొదటి రోజే పూసి ఉంటే ఆ మూడంగుళాలు మిగిలేవి. అందుకే దుంగ ఎప్పుడూ మీకు కావలసిన దానికంటే కొన్ని అంగుళాలు పొడుగ్గా కోయించండి.

ఇప్పుడు అసలు కోత. గిన్నెకి దుంగని అడ్డంగా కాదు, నిలువునా రెండు బద్దలుగా చీల్చాలి, సరిగ్గా మధ్యలో నుంచి. మధ్యలో వేలెడు మందం బెండు లాంటిది కనపడుతుంది కదా, చెట్టు చిన్న మొక్కగా ఉన్నప్పటిది. అది గిన్నెలో మిగిలితే పగులు గ్యారంటీ. నేను దానికి రెండు వైపులా ఒక్కో అంగుళం తీయించేస్తా. దుంగని నిలువునా చీల్చేసరికి, ఇందాక చెప్పిన బిగుతు చొక్కా బొత్తాలు విప్పినట్టు అవుతుంది. ముడుచుకోవడానికి దానికి చోటు దొరుకుతుంది. అందుకే, పూయడానికి టైమ్ లేకపోయినా కనీసం చీల్చి పెట్టండి, గుండ్రంగా మాత్రం వదలొద్దు. చైన్‌సా నేను పట్టుకోలేదు, ఊళ్లో రోజూ ఆ పని చేసే ఆయన్ని పిలిచాం. మీరూ అంతే చేయండి, వీడియో చూసి చైన్‌సా నేర్చుకునే పని పెట్టుకోకండి.

అన్నట్టు, మామిడి సొన. కాయ కోసినప్పుడు చెంప మీద పడితే ఎలా కాలుతుందో గుర్తుందా? పచ్చి కర్ర పొట్టు కూడా కొందరికి ఒళ్లు దద్దుర్లు తెప్పిస్తుంది. గ్లౌజులు, ఫుల్ చేతుల చొక్కా, మాస్కు. నాకు మోచేతి దగ్గర ఇంకా దురద పోలేదు.

ఇక పూత. నేను మూడు వాడి చూశా.

ఒకటి, పారాఫిన్ మైనం. కొవ్వొత్తుల తయారీకి అమ్మే మైనం, కిలోల లెక్కన దొరుకుతుంది. కరిగించి బ్రష్‌తో మందంగా పూయడమే, లేదా చిన్న ముక్కలైతే అందులో ముంచడమే. నా ఓటు దీనికే. కానీ జాగ్రత్త. మైనాన్ని ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకండి. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగించి, అందులో చిన్న గిన్నె పెట్టి, ఆ వేడికి కరగనివ్వాలి. నేరుగా పెడితే వేడెక్కిపోయి అంటుకుంటుంది, అంటుకున్నాక నీళ్లు పోస్తే ఇంకా ఎగిసిపడుతుంది. పక్కన గట్టి మూత పెట్టుకోండి. ఇంకో మాట, కోసిన చివర మీద నీళ్లు కారుతుంటే మైనం పట్టదు, పొరలా ఊడొస్తుంది. ముందు పొడిగుడ్డతో బాగా తుడవండి.

రెండోది ఫెవికాల్. వడ్రంగులు వాడే తెల్ల జిగురు. నీళ్లతో కలిసేదే కాబట్టి తడి కర్రకి హాయిగా అతుక్కుంటుంది. కొంచెం నీళ్లు కలిపి ఒక పూత, ఆరాక చిక్కగా ఇంకో పూత. మంట లేదు, భయం లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి ఇదే చెబుతా. పెద్ద దుంగలకి మాత్రం ఖర్చెక్కువ.

మూడోది, ఇంట్లో మిగిలిపోయిన గోడ రంగు. ఏమీ లేనిదానికంటే నయం. మూడు నాలుగు పూతలు వేయాలి. అంతకుమించి దాని గురించి చెప్పడానికేం లేదు.

ఎక్కడ పూయాలి? కోసిన రెండు చివర్లు మొత్తం, అక్కడి నుంచి పక్కలకి ఒక అంగుళం దిగేలా. కొమ్మ నరికిన చోట ముడి ఉంటే దాని మీద కూడా. బెరడు ఉన్న వైపు, చీల్చిన చదును వైపు వదిలేయండి. నీళ్లు ఎక్కడి నుంచో ఒకచోట నుంచి బయటికి పోవాలి కదా. మొదట్లో నేను అతితెలివికి పోయి వేప మొద్దు ఒకదానికి అన్ని వైపులా పూసి, పైన ప్లాస్టిక్ కవర్ కూడా చుట్టా. రెండు నెలలకి విప్పితే లోపల బూజు, పుట్టగొడుగుల వాసన. అది మా తాతయ్య నాటిన వేప. ఆ ముక్క మళ్లీ దొరకదు.

మామిడికి ఈ బూజు గొడవ ఇంకా ఎక్కువ. కొన్ని రోజులు వదిలేస్తే కర్రలో నీలం, నలుపు చారలు పాకుతాయి. చూడ్డానికి ఒక్కోసారి అందంగానే ఉంటాయి, కావాలని అలా వదిలే వాళ్లూ ఉన్నారు. కానీ ఎక్కడ ఆపాలో తెలియకపోతే కర్ర మెత్తబడిపోతుంది. పుచ్చుపురుగు కూడా మామిడిని వదలదు. కాబట్టి మామిడి, రబ్బరు లాంటివి పడితే నెలల తరబడి దుంగగా దాచకండి. వీలైనంత త్వరగా లేత్ మీదకి ఎక్కించి, పచ్చిగా ఉన్నప్పుడే మోటుగా గిన్నె ఆకారం తీసేయండి. టేకు, వేప చేవ అయితే కొంత ఓపిక పడతాయి.

మోటు గిన్నె లెక్క సింపుల్. వ్యాసంలో పదో వంతు గోడ మందం. పదంగుళాల గిన్నెకి అంగుళం గోడ. ఆరాక అది కోడిగుడ్డులా సాగుతుంది, ఒకవైపు తొమ్మిదిన్నర, ఇంకోవైపు దాదాపు పది అన్నట్టు. గోడ అంగుళం ఉంది కాబట్టి మళ్లీ లేత్ మీద పెట్టి గుండ్రం చేయడానికి సరిపడా మిగులుతుంది. మరీ మందంగా వదిలితే బీట, మరీ పల్చగా తీస్తే రెండోసారి గుండ్రం రాదు. తీసిన గిన్నెకి నార తెగి కనపడే రెండు వైపులా, అంచు మీద ఫెవికాల్ పూసి, ఆన్‌లైన్ పార్శిల్ వచ్చిన బ్రౌన్ పేపర్ కవర్ ఉంటుంది కదా, అందులో ఆ గిన్నె తీసిన పొట్టుతోనే పెట్టి మూతి మడిచేయండి. గాలి తగలని మూల, నేలకి అంటకుండా ఇటుకల మీద. లేకపోతే చెదపురుగులు మీకంటే ముందు గిన్నె సంగతి చూసుకుంటాయి. మొదటి వారం రోజూ తెరిచి చూడండి, పొట్టు తడిగా ముద్దగా అయితే పొడిది మార్చండి.

ఆరిందని ఎలా తెలుస్తుంది? అమ్మ వంటింటి వెయింగ్ మెషీన్. తేదీ, బరువు పెన్సిల్‌తో గిన్నె మీదే రాయండి. పోయినేడు చేసిన ఈ మామిడి గిన్నె చూడండి. మొదటి రోజు 1,540 గ్రాములు. వారానికి 1,390. నెలకి 1,210. ఐదో నెలలో 1,060, ఆరో నెలలో కూడా 1,060. ఆగింది అంటే ఆరినట్టే. ఈ ఒక్క గిన్నెలోంచి దాదాపు అర లీటరు నీళ్లు వెళ్లిపోయాయి, ఆలోచించండి. వర్షాకాలంలో బరువు మళ్లీ కాస్త పెరుగుతుంది, కంగారు పడకండి, కర్ర గాలిలో తేమని పీల్చుకుంటుంది.

ఇక అమ్మమ్మ భరిణె. గిన్నె కాస్త వంకర పోయినా గిన్నే. భరిణెకి మూత ఉంది. పచ్చి కర్రతో ఇవాళ చేసి మూత బిగిస్తే, నెల తిరక్కుండా మూతా అడుగూ చెరో వైపు సాగుతాయి. అప్పుడు మూత అయినా రాదు, అయినా పట్టదు. ఏటికొప్పాక లక్క భరిణెలు చూశారు కదా, 2017లో జీఐ ట్యాగ్ వచ్చిన బొమ్మలు. అక్కడ అంకుడు కర్ర వాడతారు. తెల్లగా, మెత్తగా, సన్నటి నారతో ఉంటుంది. వాళ్లు కూడా ఆ కర్రని ఆరబెట్టాకే తిప్పుతారు. తిరుగుతున్న కర్రకి లక్క పుల్ల ఒత్తితే ఆ రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. లోపల తడి ఉంటే సరిగ్గా పట్టదు. ఆ మూతలు అంత నున్నగా పట్టడం వెనక, తిప్పకముందు ఆగిన రోజులున్నాయి.

అదే అమ్మమ్మకి చెప్పా. "ఎన్నాళ్లు?" అంది. ఆరు నెలలైనా పడుతుంది అన్నా. "నా వయసు ఎంతో తెలుసా నీకు?" అంది. నవ్వుతూనే అందనుకోండి, కానీ నాకు నవ్వు రాలేదు. కొందరు మోటుగా తిప్పిన ముక్కని నీళ్లలో ఉడకబెట్టి ఆరబెడతారు, అంగుళం మందానికి సుమారు గంట లెక్కన. పగుళ్లు తగ్గుతాయని చెబుతారు. కొంచెం తొందరగా ఆరుతుందని కూడా. భరిణె చిన్నది కాబట్టి మూడు ముక్కలు తీశా. రెండు ఉడకబెట్టా, ఒకటి మామూలుగా కవర్లో పెట్టా. ఒకటి పగిలినా ఇంకోటి మిగలాలి.

మొత్తం లెక్క చెప్పేస్తా. ఆరు దుంగల్లో ఒకటి లోపల బోలు. ఒకటి కొమ్మ వంపు దగ్గరిది, చీల్చగానే మెలి తిరిగింది, అది వంటచెరుకే. మిగతా నాలుగింటిలో ఎనిమిది బద్దలు వచ్చాయి, అన్నిటికీ మైనం పూసి మావయ్య పశువుల పాకలో నీడన పెట్టాం. నాలుగు నాతో తెచ్చుకున్నా. రేపటి నుంచి వాటిని లేత్ మీద ఎక్కిస్తున్నా, వచ్చే ఎపిసోడ్ అదే. భరిణె ముక్కల బరువు ఇవాళ పొద్దున చూశా: 412, 398, 405. ఉడకబెట్టినవి ఏవో కవర్ మీద రాయడం మర్చిపోయా. 412ది మామూలుదే అని నా అనుమానం.