కొండదారిలో బండి కొరకు ఎదురుచూపు

అరకు లోయలో కాఫీ పండు ఎరుపెక్కు దినములు కార్తికము మొదలుకొని మాఘము వరకు ఉండును. ఆ మూడు నాలుగు మాసములు ఇంటిల్లిపాదియు తోటలోనే యుందురు. కోసిన పండునకు ఆ సాయంకాలమే తోలు తీయవలెను. మరునాటికి ఉంచినచో పులియుట ఆరంభమగును, గింజ రుచి చెడును. తోలు తీసి, కడిగి, ఆరబెట్టిన గింజకు ఒక వెల. తోలుతోనే ఎండబెట్టిన దానికి అంతకంటె తక్కువ వెల. మా పల్లెవరకు ఈ రెండు వెలలకు నడుమనున్నది, తోలు తీయు యంత్రము గల చోటికి పోవు పదునాలుగు కిలోమీటర్ల కొండదారియే.

ఆ దారిని దాటుటకే మేము పదకొండు కుటుంబములవారము డబ్బు కూర్చుకొని, 2021వ సంవత్సరము జూలైలో విశాఖపట్నములోని ఒక షోరూములో పికప్ బండిని బుక్ చేసితిమి. అంతకు మునుపు అద్దె జీపే మాకు దిక్కు. కాఫీ రోజులలో జీపువాడు మహారాజు. పిలిచినప్పుడు రాడు, వచ్చినప్పుడు అడిగినంత ఈయవలెను. షోరూము ఉద్యోగి మర్యాదస్థుడు. మాకు టీ తెప్పించి, “ఆరు వారాలండీ, మహా అయితే రెండు నెలలు” అనెను. ఆ మాటను మేము నమ్మితిమి గాని, కాగితముపై వ్రాయుమని అడుగలేదు. మా తప్పు అక్కడనే మొదలైనది.

వినాయక చవితి వెళ్ళినది, దసరా వెళ్ళినది. ఫోను చేసినప్పుడెల్ల “వచ్చే వారం” అను మాటయే వినవచ్చెను. దీపావళి నాటికి మాలో పెద్దవాడొకడు, “బండి వచ్చేసరికి పండు రాలిపోతాది” అని నవ్వెను. ఆ నవ్వులో మాకెవ్వరికిని పాలు పంచుకొన మనసు రాలేదు.

ఆ యేడు బండ్లు ఏల రాలేదో శ్రోతలకు కొంత వివరింపవలసి యున్నది. నేటి బండిలో ఇంజనుకు ఇంధనమును కొలిచి యిచ్చుట మొదలు బ్రేకు పట్టును సరిచూచుట వరకు అనేక పనులు చిప్పులనబడు సూక్ష్మ యంత్రాంగముల చేతిలో నున్నవి. 2020 ఏప్రిల్ 1 నుండి మన దేశమున బి.యస్. 6 కాలుష్య నిబంధనలు అమలులోనికి వచ్చిన పిమ్మట వాటి అవసరము మరింత పెరిగినది. కోవిడ్ వ్యాధి వ్యాపించిన తొలి మాసములలో బండ్ల కంపెనీలు గిరాకీ లేదని చిప్పుల కొనుగోలు తగ్గించుకొనగా, ఆ తయారీదారులు ఇంటినుండి పనిచేయువారి కంప్యూటర్లకును ఫోనులకును సరుకు మళ్ళించిరి. బండ్ల గిరాకీ తిరిగి లేచునప్పటికి వరుసలో చోటు లేకపోయినది. ఒక్క చిప్పు తయారగుటకు మూడు మాసములకు పైగా పట్టును. తొందరపెట్టిన మాత్రమున అది ముందు రాదు. ఇంతలో 2021 మార్చి 19న జపానులోని నాకాలో రెనెసాస్ సంస్థ చిప్పుల కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగెను. ఆ వేసవి నడుమ మలేషియాలో వ్యాధి ప్రబలి, చిప్పులను పరీక్షించి తుదిరూపమిచ్చు శాలలు మూతపడినవి.

ఫలితము మన దేశమున ప్రత్యక్షముగా కనబడినది. 2021 సెప్టెంబరులో దాదాపు ఏడు దినములు ఉత్పత్తి నిలుపుదుమని మహీంద్రా సంస్థ ముందుగానే ప్రకటించెను. హర్యానా, గుజరాతులలో తమ ఉత్పత్తి ఆ మాసమున సాధారణములో నలుబది శాతమునకు పడిపోవునని మారుతీ సంస్థ చెప్పెను. మా బండి ఏ సంస్థదో ఇక్కడ చెప్పము. ఆ యేడు ఎవరిని అడిగినను సమాధానమొకటే.

బండి కొరకు ఎదురుచూచుట మన దేశమునకు క్రొత్తది కాదు. 1959లో కార్ల పంపిణీ అమ్మకములకును, 1960లో స్కూటర్లకును ప్రభుత్వము నియంత్రణ ఉత్తరువులు జారీచేసెను. ఎవరు ఎన్ని బండ్లు తయారుచేయవలెనో లైసెన్సులు నిర్ణయించు కాలమది. తపాలా కార్యాలయమున ధరావతు కట్టి, పాసుబుక్కును తాకట్టు పెట్టి, పేరు నమోదు చేసికొని, బజాజ్ స్కూటరు కొరకు ఏండ్ల తరబడి వేచియున్నవారు ఇంకను మన మధ్య కలరు. 1980 తరువాత ఆ బిగువు సడలినది. హైదరాబాదు ఆల్విన్ సంస్థ జపానువారి నిస్సాన్ సహకారముతో జహీరాబాదున తేలిక లారీలు తయారుచేసెను. 1986లో టాటావారి 407 వచ్చెను. 2005లో చిన్నదైన ఏస్ వచ్చి ఇరుకు సందులకును లారీని తెచ్చెను. అప్పటి ఆలస్యమునకు కారణము ఢిల్లీలోని దస్త్రము. మొన్నటి దానికి కారణము గోరంత చిప్పు. మొదటి దానిపై కనీసము ఒక అర్జీ పెట్టుకొను వీలుండెడిది.

మా పల్లె మీదుగనే కొత్తవలస – కిరండూలు రైలుమార్గము పోవును. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖ రేవునకు చేర్చి జపానుకు ఎగుమతి చేయు నిమిత్తమై 1960లలో ఈ కొండలను తొలిచి ఆ మార్గము వేసిరి. రాత్రివేళ ఖనిజపు బండి సొరంగములు దాటు మ్రోత వినుచు, ఇటనుండి ఇనుము ఇన్నియేండ్లు జపానుకు పోయినది, అటనుండి ఒక చిన్న చిప్పు రాకున్నదే అని మాలో మేము అనుకొనుచుంటిమి. న్యాయమైన లెక్క కాదని తెలియును, అయినను అనుకొంటిమి.

ఆ చలికాలము పండు చక్కగా కాచెను. జీపు దొరికిన దినమున యంత్రమునకు చేర్చితిమి. దొరకని దినములే ఎక్కువ. మిగిలినదంతయు ముంగిట చాపలపై ఎండబోసి, సంతలో షావుకారు చెప్పిన వెలకు ఇచ్చితిమి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చినది; దాని పేర పారిస్ నగరమున 2017లోనే ఒక కాఫీశాల తెరచిరి. అంత దూరము పోగల గింజ మా ముంగిట పదునాలుగు కిలోమీటర్లు పోలేక తోలుతో ఎండినది.

బండి కొనదలచినవారికి మా అనుభవము పనికివచ్చునేమో. బుకింగు కాగితముపై ఇచ్చు తేదీ వ్రాయించుకొనుడు. ఆ తేదీ దాటినచో ధరావతు పూర్తిగా తిరిగి వచ్చునా యని అడుగుడు. వెల ఏనాటిదన్నది ముఖ్యము. మా కాగితము అడుగున చిన్న అక్షరములలో, బండి అందుకొను నాటి వెలయే వర్తించునని యున్నది. ఈ మధ్యలో వెల రెండు మారులు పెరిగినది, ఆ భారము మాపైననే పడినది. బ్యాంకు మంజూరు చేసిన రుణమునకు గడువుండును. అది తీరిపోయిన, కాగితములన్నియు మరల తిప్పవలెను. ఛాసిస్ సంఖ్య చూడక పూర్తి సొమ్ము కట్టవలదు. మార్గశిరములో తయారైన బండిని మాఘములో ఇచ్చినచో కాగితములపై దానికి ఒక యేడు వయసు హెచ్చును; మారు అమ్మకమున ఆ మేరకు నష్టము. రంగు విషయమున పట్టుదల లేనివారికి బండి ముందు దొరకుట మేము కన్నులార చూచితిమి. తెలుపు కావలెనని కూర్చున్నవారము మేమే.

2022 ఫిబ్రవరి చివరి వారమున బండి వచ్చెను. శృంగవరపుకోట దాటి, అనంతగిరి కనుమ మలుపులలో మెల్లగా ఎక్కుచుండగా, వెనుక తొట్టిలో నిలిచిన పిల్లలు కేకలు వేసిరి. తోటలలో పండు అప్పటికే అయిపోయినది. మొదటి ప్రయాణమున దానిపై ఎక్కినది చింతపండు.